పంఖా విమానం

"జెట్టా, పంఖానా? ఏదో ఒకటి తేల్చు ఆజం భాయ్. నీ కతలతోని నల్లగొండకు నిద్రవడ్తలేదు," అన్నాడు ఎస్టీడీ బూతు గుర్వయ్య, బల్ల మీది దుమ్ము తువ్వాలతో దులుపుతూ.

నిద్ర పట్టనిది నల్లగొండకు కాదు, ఆజంకు. ముప్పై ఏళ్లవాడు, విమానంలో కుడివైపు సీట్లో కూర్చునే కో-పైలట్. పనిచేస్తున్న చిన్న కంపెనీ మూడు నెలల కింద మూతబడింది. ఆ మూడు నెలలూ ఎన్ని దరఖాస్తులు పంపినా ఉత్తరం ముక్క రాలేదు. ఇప్పుడు ఒకే వారంలో రెండొచ్చాయి. ఒకటి మద్రాసు నుంచి, బోయింగ్ జెట్ నడిపే కంపెనీ. ఇంకోటి హైదరాబాదు నుంచి, రెక్కలకు రెండు పంఖాలు తిరిగే ఏటీఆర్ విమానం, నలభై ఆరు సీట్లది. అడుక్కున్నప్పుడు ఒక్కటీ రాదు. వచ్చినప్పుడు రెండూ కలిసి వచ్చి మనిషిని చెరో చెవి పట్టుకుని గుంజుతాయి.

బూతు లోపలి అద్దాల గదిలో మనిషి నిలబడితే వీపు అద్దానికి, మోకాళ్లు బల్లకు తగులుతాయి. తలుపు మూస్తే ఉక్క, తెరిస్తే గడియారం సెంటరంతా వింటుంది. ఆజం సగం మూసి మద్రాసుకు మాట్లాడాడు. అవతలి మనిషి పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. మూడేళ్ల బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలో ఉంటాయి. కాగితం మీద ఉండాల్సిన ఊరు, అంటే బేసు, మద్రాసే గాని, అవసరం పడితే గౌహతి కావచ్చు, అహ్మదాబాదు కావచ్చు. ఆరు వారాలు పని, ఆరు రోజులు ఇల్లు.

"ఆ ఆరు రోజులు ఎప్పుడు వస్తాయో ముందే చెబుతారా సార్?"

అవతల నవ్వు వినిపించింది. "మీరు జెట్ నడపడానికి వస్తున్నారా, సెలవులు లెక్కపెట్టుకోవడానికి వస్తున్నారా? శుక్రవారం సాయంత్రం అయిదు దాకా చూస్తాను. మీ వెనకాల పద్నాలుగు మంది ఉన్నారు."

ఫోను పెట్టేసి బయటకొచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. హైదరాబాదు కంపెనీది కూడా శుక్రవారమే గడువు. దేశంలో ఉన్న విమాన కంపెనీలన్నీ కూడబలుక్కుని ఒక్క శుక్రవారం మీదే పడ్డాయి.

"ఏమన్నడు? జెట్టే గదా?" అన్నాడు గుర్వయ్య.

"నీకు జెట్టయితేంది, పంఖా అయితేంది?"

"గట్లంటవేంది? మన నల్లగొండ పోరగాడు జెట్టు నడుపుతుండని మా బావమరిదికి చెప్పిన. ఇగ పంఖా అంటే నా ఇజ్జతేం కావాలె?"

ఆజం స్కూటరు కిక్కు కొట్టాడు. మూడు కిక్కులకు గాని లేవలేదు. ఆ సోమవారం పొద్దున బస్సెక్కబోతూ భార్య జాహేదా ఒక ఖాకీ కవరు చేతికిచ్చి, "జర విద్యాశాఖ ఆఫీసుల ఇయ్యుండ్రి. నేనొచ్చేవరకు వాళ్లు తాళాలేస్తరు" అంది. ఆమె కేతేపల్లి స్కూల్లో టీచరు. ఏడున్నర బస్సుకు పోతే సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరుతుంది. ఆ కవరు స్కూటరు డిక్కీలో, నూనెగుడ్డ పక్కన పడి ఉంది. ఆఫీసు దారిలోనే ఉంది కూడా. కాని ఆజం బుర్రలో ఆ పూట గౌహతి తప్ప మరో ఊరు లేదు. నేరుగా ఇంటికి పోయాడు.

ఇంట్లో ఇంకో కంపెనీ కాచుకుని ఉంది. తండ్రి లియాఖత్ అలీ ముప్పై ఏళ్లు బస్సు నడిపి రెండేళ్ల కింద రిటైరయ్యాడు. వసారాలో కుర్చీలో కూర్చున్నా ఆయన కుడికాలు బ్రేకు మీదే ఉంటుంది. రోడ్డు మీద ఎవడన్నా అడ్డం వస్తే ఆ కాలు తనంతట తనే నేలను నొక్కుతుంది.

"అడిగినవా? ఇంజన్లు ఏడున్నయి?"

"ఏ దానికి అబ్బాజాన్?"

"రెండిటికి."

"జెట్టుకు రెక్కల కింద. దీనికి రెక్కల ముందట. పంఖాలు బయటికి కనవడ్తయి."

లియాఖత్ అలీ మొహం చేదు మాత్ర మింగినట్టయింది. "కనవడ్తయా? జనం జూస్తే ఎక్కుతరా?"

"కొత్త విమానం అది. మొన్ననే ఫ్రాన్సు నుంచి వచ్చింది."

"కొత్తదైతే పంఖాలెందుకు?"

దీనికి ఏ ఫ్లయింగ్ స్కూల్లోనూ జవాబు నేర్పరు. ఆజం పళ్లు కొరికి ఊరుకున్నాడు. ముసలాయన ఊరుకోలేదు. "సూడు బేటా. కొత్త బండి ఎవనికిస్తరు? పనిమంతునికిస్తరు. డొక్కు బండి ఎవనికిస్తరు? పనిష్మెంటోనికిస్తరు. ఇది డిపోల పుట్టిన మాట. పైన ఆసుమాన్ల గూడ గంతే."

"హైదరాబాదుదైతే వారంల నాలుగు రాత్రులు ఇంట్ల పంట."

"ఇంట్ల పండనీకెనా మోత్కూరు చెలుక అమ్మి నిన్ను సదివిచ్చింది?"

లోపల బియ్యం చెరుగుతున్న తల్లి లాడ్లీ బేగం చేట ఆపింది. ఏదో అనబోయి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

రాత్రి తిండి అయ్యాక ఆజం జాహేదా నోటుబుక్కు నుంచి ఒక కాగితం చింపి నిలువునా గీత గీశాడు. ఎడమవైపు మద్రాసు, కుడివైపు హైదరాబాదు. జాహేదా కింద చాప మీద కూర్చుని ఏడో తరగతి లెక్కల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఎర్ర పెన్ను మూత పంటికింద పెట్టుకుని, ఒక్కో కాగితం మోకాలి మీద పరిచి, తప్పున్నచోట గీత కొట్టకుండా సున్నా చుడుతుంది. తప్పెక్కడుందో పిల్లలే వెతుక్కోవాలని ఆమె పట్టుదల.

"విను. ఎడమ దిక్కు జెట్టు. మూడేండ్లు జెట్టు నడిపిన్ననుకో, ఇగ ఏ కంపెనీ అయినా కండ్లకద్దుకుంటది. పంఖా మీద పదేండ్లు నడిపినా, జెట్టు మీద ఎన్ని గంటలంటే సున్నా అని చెప్పాలె. కుడి దిక్కు చూడు. పొద్దున తిరుపతి, పగలు రాజమండ్రి, సాయంత్రం బేగంపేట. వారానికి ఒకరోజు పక్కాగ సెలవు. బాండు లేదు. సర్టిఫికెట్లు నా దగ్గర్నే ఉంటయి."

"మీకేది ఇష్టం?"

"గదే తెలిస్తే గీత ఎందుకు గీస్త?"

జాహేదా ఇంకో కాగితం తీసింది. "కవరు ఇచ్చిండ్రా?"

"ఏ కవరు? ఆ, గదా. రేపిస్త."

"శుక్రారం దాక్కనే టైమున్నది."

"రేపిస్తనన్న గదా," అని ఆజం కుడివైపు వరసలో ఇంకో మాట చేర్చాడు. శుక్రవారం అనే మాట వినగానే అతనికి తన శుక్రవారమే గుర్తొచ్చింది. ప్రపంచంలో ఇంకెవరికైనా శుక్రవారం ఉంటుందని తోచలేదు.

బుధవారం పొద్దున లియాఖత్ అలీ "జర బస్టాండు దాక పోయొద్దాం" అని స్కూటరు వెనక ఎక్కాడు. ఎందుకో చెప్పలేదు. క్యాంటీన్లోకి అడుగుపెట్టగానే తెలిసింది. అరడజను మంది డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. బల్ల మీద పొట్లంలో బాదుషాలు.

"జెట్టు పైలట్ వచ్చిండు!"

ఆజం తండ్రి వైపు చూశాడు. తండ్రి గోడ మీది బస్సుల టైము బోర్డు వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చదువుతున్నాడు ముసలాయన.

"ఇంక తేలలే," అన్నాడు ఆజం.

"ఏం తేలలే?"

"రెండు కంపెనీలున్నయి. ఇంకోటి హైదరాబాదుది. చిన్న విమానం. పంఖాలది."

ఒకతను కొరికిన బాదుషా చేతిలోనే పట్టుకున్నాడు. అందరిలోకీ పెద్దవాడు కురుమయ్య, రేపోమాపో రిటైరయ్యే డ్రైవరు, ఆజం భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నిజం చెప్పు బిడ్డా. ఏమన్న యాక్సిడెంటు చేసినవా?"

"లేదు కాకా."

"మరి పనిష్మెంటెందుకు?"

ఆజంకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ రాక కోపం వచ్చింది. "పనిష్మెంటు కాదు కాకా. నేనే అడుగుతున్న. ఇంటికి దగ్గరుంటదని."

కురుమయ్య నమ్మలేదు. దెబ్బ తగిలినవాడు తగల్లేదని చెప్పినప్పుడు తల ఊపినట్టు ఊపాడు. "మీ నాయిన గూడ గిట్లనే చెప్పిండు అప్పట్ల. ఎవరితోనో మాటామాటొచ్చింది. కొత్త ఎక్స్‌ప్రెస్ గుంజుకొని మోత్కూరు లైనుకేసిండ్రు. మూడేండ్లు డొక్కు బండి. దానికి హారన్ తప్ప అన్ని మోగుతుండె. మనిషి నలుగుట్ల తలకాయెత్తలే. గా బాధ మీ నాయిన మర్సిపోలే. నిన్ను చూస్తే మల్ల యాదికొచ్చినట్టున్నది."

తిరిగి వస్తుంటే తండ్రీకొడుకులు విద్యాశాఖ ఆఫీసు ముందు నుంచే వచ్చారు. ఆజం స్కూటరు ఆపలేదు. తన పరువు తీసిన బాదుషాల మీదే మనసంతా ఉంది.

ఆ సాయంత్రం లాడ్లీ బేగం జొన్నరొట్టెలు చేస్తూ కొడుకుని పొయ్యి దగ్గరకు పిలిచింది. పిండి ముద్దను పీట మీద చరుస్తూ అడిగింది. "బస్టాండుల కురుమయ్య మోత్కూరు ముచ్చట చెప్పిండట గదా?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"మీ అబ్బాజాన్ వచ్చినకాన్నుంచి మూతి ముడుసుకొని కూసున్నడు. గా ముచ్చట తప్ప దేనికి గట్ల కూసోడు." రొట్టె పెనం మీద వేసి తడిచేత్తో అద్దింది. "కొత్త బండి ఎక్కిన్నాడు మీ నాయిన, నువ్వు గోడ పట్కొని నిలవడ్తుంటివి. దిగొచ్చి చూసేవరకు వాడకట్టంత ఉరుకుతుంటివి. ఎప్పుడు నడిచినవో ఆయనకు తెల్వది. మోత్కూరు లైనున్న మూడేండ్లే మా ఇల్లు ఇల్లులెక్క ఉండె. పొద్దూకంగనె వస్తుండె. నేను రొట్టెలు చేస్తుంటె గిక్కడ్నే కూసుంటుండె." ఆమె ఆజం కూర్చున్న చోటు చూపించింది. "ఆయనకది పనిష్మెంటు. నాకు పండుగ. గా మాట ఆయన ముందట ఎన్నడు అనలే."

"మరి నన్నేం చెయ్యమంటవ్ అమ్మీ?"

"నేనేమంట? నన్నెవరడిగిండ్రు?"

ఇదొకటి. అందరూ అడక్కుండానే చెబుతారు, అడిగితే ఈవిడ చెప్పదు. కాని ఆ మాటతో ఆజం మనసు కుడివైపుకు ఒరిగింది. తండ్రిలాగా కాకూడదు. ఇంట్లో ఉండాలి. కాగితం తీసి కుడివైపు వరస మళ్లీ చదువుకున్నాడు. బాండు లేదు. వారానికి ఒక సెలవు. ఇంటి తిండి. కంటినిండా నిద్ర. జాహేదా. ఆ పేరు కింద రెండు గీతలు కొట్టాడు. భార్య కోసం జెట్టు వదులుకునే మగాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడనిపించింది. ఆ రాత్రి మూడు నెలల తర్వాత మొదటిసారి గురక పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం ఆ సంతోషంలోనే బయల్దేరాడు, జాహేదాను స్కూటరు మీద తీసుకొద్దామని. నకిరేకల్ దాటి హైవే ఎక్కితే లారీల గాలికి స్కూటరు పక్కకు జరిగిపోతోంది. కేతేపల్లి చేరేసరికి స్కూలు వదలడానికి ఇంకా అరగంట ఉంది. రేకుల వరండాలో తెలుగు సారు ఇస్రాయేలు హాజరు పట్టీలు సర్దుతున్నాడు. లేచి కుర్చీ జరిపాడు.

"కూసోండ్రి ఆజం సాబ్. మేడం క్లాసుల ఉన్నరు."

కిటికీలోంచి జాహేదా కనిపిస్తోంది. గదిలో బల్లలు లేవు. అరవై మంది నేల మీద కూర్చున్నారు. ఆమె ఒక పొడుగాటి తాడుకు ముడులు వేసి ఇద్దరు ఆడపిల్లల చేత పట్టించి త్రిభుజం చేయిస్తోంది. ఒక మూలన ముడి జారితే, "ఏ మూల చెడిపోయింది? ఎవరు చెప్తరు?" అని అడిగింది. ఇరవై చేతులు లేచాయి. ఇంట్లో అంత గట్టిగా మాట్లాడగా ఆజం ఎప్పుడూ వినలేదు.

"మేడం మంచిగ చెప్తరు," అన్నాడు ఇస్రాయేలు. పట్టీ ఒకటి తిప్పుతూ, "మీరేమనుకోకుంటే ఒక మాట. మోత్కూరు వద్దని రాసిచ్చిండ్రట గదా. మాకందరికి మస్తు బాధయింది."

"మోత్కూరేంది?"

ఇస్రాయేలు చేతిలో పట్టీ అలాగే ఆగింది. "ప్రమోషన్. హైస్కూలుకు, లెక్కల స్కూల్ అసిస్టెంటుగ. ఎనిమిదేండ్ల సర్వీసు మీద వచ్చింది. ఒప్పుకుంటున్ననో, వద్దనుకుంటున్ననో శుక్రారం లోపట రాసియ్యాలె. మీకు తెలుసనుకున్న."

ఆజం కిటికీ వైపు తిరిగాడు.

"రెండేండ్ల కింద గూడ వస్తే వద్దన్నరు," అన్నాడు ఇస్రాయేలు. "మీరు అప్పుడు భువనేశ్వర్ల ఉంటిరట. మీరొచ్చిన నాలుగు రోజులు ఇల్లు తాళమేసుంటే ఎట్లనని అన్నరు. ఆ జాగలకు మేడం కంటె జూనియర్ పోయి చేరిండు. ఇప్పుడాయన మా మీదికి ఇన్‌స్పెక్షనుకు వస్తున్నడు. మేడం లేచి నిలవడి నమస్తే పెడ్తరు."

"ఏమన్నా రాసియ్యకపోతే?" అడిగాడు ఆజం.

"అవునో కాదో రాయకుంటె పేరు కొట్టేసి మెమో ఇస్తరు. ఎటూ గాకుండ పోతది. మేడం గట్ల చెయ్యరు. సోమారమే పంపిన్నని చెప్పిండ్రు."

ఆజం లేచి స్కూటరు దగ్గరకు నడిచాడు. డిక్కీ తెరిచాడు. కవరు అక్కడే ఉంది. నూనెగుడ్డ అంటుకుని ఒక మూల నల్లబడింది. అంటించని కవరు. లోపల గుండ్రటి అక్షరాల్లో నాలుగే వాక్యాలు. సొంత కుటుంబ కారణాల వల్ల తనకు ఈ పదోన్నతి అవసరం లేదని. కారణాలు అనే మాట దగ్గర కలం కాసేపు ఆగినట్టుంది, సిరా ముద్దయింది.

జేబులో తన కాగితం గుచ్చుకుంది. ఇంటి తిండి, నిద్ర, జాహేదా. నిన్న ఆ పేరు కింద రెండు గీతలు కొట్టుకుని మురిసిపోయాడు. మంచం, కంచం పక్కన ఆమెనూ ఒక సామానుగా రాశాడు. ఇల్లు ఎక్కడికీ పోదని, ఎప్పుడొచ్చినా తలుపు తెరిచి ఉంటుందని లెక్క వేసుకున్నాడు. ఆ తలుపు తెరిచి పట్టుకున్న చెయ్యి ఎవరిదో, ఆ చేతికి ఇంకో పని ఉందేమోనని ఒక్కనాడూ అడగలేదు.

బెల్లు కొట్టారు. పిల్లలు పోయాక జాహేదా సుద్ద అంటిన చేతులు కడుక్కుని వచ్చింది. అతని చేతిలో కవరు చూసి ఆగిపోయింది.

"ఇయ్యలేదా?"

"మర్సిపోయిన."

"సోమారం నుంచా?"

ఆజం తల దించుకున్నాడు. తర్వాత, చెడిన పని సరిదిద్దాలన్న తొందరలో, అన్నాడు. "మంచిదే అయింది గదా. నువ్వు మోత్కూరు పో జాహేదా. దీన్ని చింపేస్త."

ఆమె కవరు లాక్కుంది. నాలుగేళ్ల కాపురంలో ఆమె అతని చేతిలోంచి ఏదీ లాక్కోలేదు.

"వద్దని నేను రాసిన. మీరు మర్సిపోతే వద్దన్నది కావాలన్నట్టవుతదా? నాకొచ్చిన నౌకరి మీ మరుపుతోని రావాల్నా? చింపేస్త అంటున్నరు. ఎవరిదని చింపుతరు?"

"గట్ల కాదు..."

"మూడు రోజుల సంది మీ రెండు విమానాల ముచ్చట కూసోని విన్న. ఎన్ని సీట్లో, ఎన్ని పంఖాలో నాకు నోటికొచ్చింది. కవరుల ఏమున్నదని మీరు ఒక్కసారన్న అడిగిండ్రా?"

వరండాలో ఇస్రాయేలు పట్టీలు చంకన పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయాడు. ఆజంకు కోపం వచ్చింది, అదీ తన మీదే. దాన్ని ఎవరి మీద చూపాలో తెలియక స్కూటరును తొమ్మిది కిక్కులు కొట్టాడు. దారి పొడుగునా జాహేదా వెనక సీటు రాడ్డు పట్టుకుని కూర్చుంది. రోజూ అయితే అతని భుజం పట్టుకునేది.

నకిరేకల్ దగ్గర లారీలు అడ్డమై స్కూటరు ఆగితే, అతని వీపుతో అన్నట్టు చెప్పింది. "రేపు ఒంటిపూట సెలవు పెట్టిన. రెండు కాగితాలు రాస్కొని పోత. ఒకటి అవునని, ఒకటి కాదని. లోపటికి పోయినంక ఏదిస్తనో నాకే తెల్వది. మీరు మాత్రం నా కోసమని ఏది ఇడిసిపెట్టకుండ్రి. రేపు పదేండ్లకు నా కోసం జెట్టు వదిలిన్నని అంటే వినే ఓపిక నాకు లేదు."

శుక్రవారం నాలుగింటికి ఆజం ఆఫీసు గేటు బయట స్కూటరు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. వస్తానని తనూ అనలేదు. నాలుగుంబావయింది. బంట్రోతులు టీలు మోస్తున్నారు. విమానంలో ఇంజను మంట హెచ్చరిక దీపం వెలిగినప్పుడు కూడా అతని అరచేతులు ఇంత చెమట పట్టలేదు. అక్కడ చేయాల్సిన పని వరసగా కాగితం మీద ఉంటుంది. ఇక్కడ కూర్చోవడం తప్ప పని లేదు.

నాలుగున్నరకు జాహేదా బయటకొచ్చింది. చేతిలో ఒక కాగితం మిగిలింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసింది.

"సోమారం చేరాలె," అంది. "రోజు పోయిరానీకె కాదు. కిరాయికి అర్ర చూసుకోవాలె. శనారం సాయంత్రం నల్లగొండ వస్త, సోమారం పొద్దున పోత." అతని మొహంలోకి చూసి, "ఇగ మీరు ఏ విమానమెక్కినా పొద్దూకి ఇంట్ల నేనుండ. మీ లెక్క మల్ల వేసుకోండ్రి. మద్రాసు పోయినా నాకు కోపం లేదు," అంది.

నిజంగానే కోపం లేదు గొంతులో. అదే ఆజంను భయపెట్టింది.

బూతు దగ్గరికి చేరేసరికి జుమ్మా నాడు వేసుకునే తెల్ల టోపీతో లియాఖత్ అలీ నిలబడి ఉన్నాడు. కొడుకు జెట్టు అనడం చెవులారా విందామని వచ్చాడు. గుర్వయ్య స్టూలు వేసినా కూర్చోలేదు.

"టైము పదిహేను నిమిషాలే ఉన్నది బేటా."

"జాహేదాకు ప్రమోషనొచ్చింది అబ్బాజాన్. మోత్కూరు హైస్కూలుకు."

"మోత్కూరా?" ముసలాయన కోడలి వైపు చూశాడు. కాలు నేల మీద నొక్కుకుంది. "మోత్కూరు లైనా?" అన్నాడు మళ్లీ, మెల్లగా.

ఆజం అద్దాల గదిలోకి పోయాడు. ఈసారి తలుపు మూయలేదు. జేబులో కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కుడివైపు వరసలో ఇంటి తిండి పోయింది. నిద్ర పోయింది. రెండు గీతలున్న పేరు అరవై కిలోమీటర్ల అవతలికి పోయింది. మిగిలింది పంఖాలు, ఒక సెలవు రోజు. ఎడమవైపు వరస చెక్కుచెదరలేదు. లెక్క ప్రకారం చూస్తే జెట్టే.

హైదరాబాదు నంబరు తిప్పాడు. ఎంగేజి. మళ్లీ తిప్పాడు. ఎంగేజి. ఏడోసారికి కలిసింది.

"ఆజం సార్, చేరతానని రాసుకోమంటారా?" అంది అవతలి అమ్మాయి.

"రాసుకోండి. ఒక్క మాట. నా వారపు సెలవు ఆదివారం ఇవ్వగలరా?"

"ఆదివారాలు సీనియర్లకండీ. కొత్తవాళ్లకు మంగళవారమే. ఏడాది దాకా మారదు."

మంగళవారం. జాహేదా ఇంట్లో ఉండేది ఆదివారం. ఈ దేశంలో ఏదీ సాఫుగా కుదరదు. "కనీసం సోమవారం సాయంత్రం డ్యూటీ తొందరగా అయ్యేలా..." అనబోతే, "ఆరుంబావుకు దిగుతారండీ. అంతకన్నా ముందు కాదు," అంది ఆ అమ్మాయి. "సరే," అన్నాడు ఆజం. "మంగళవారమే రాసుకోండి." ఇంకో నంబరు తిప్పి, మద్రాసు మనిషికి రాలేనని రెండు మాటల్లో చెప్పి పెట్టేశాడు. అవతలివాడు కారణం కూడా అడగలేదు. పద్నాలుగు మంది ఉన్నారు మరి.

బయట గుర్వయ్య బావమరిది సంగతి తలుచుకుంటూ తువ్వాల భుజాన వేసుకున్నాడు. జాహేదా గడియారం స్తంభం వైపు తిరిగి నిలబడింది. కొంగు అంచు వేలికి చుట్టి విప్పుతోంది.

"మంగళారం సెలవట," అన్నాడు ఆజం, ఎవరితోనో తెలియకుండా. "సోమారం సాయంత్రం విమానం దిగంగనే మోత్కూరు వస్త. మంగళారం నువ్వు బడికి పో. వంట నేను చేస్త. బుధారం చీకటితోని పోత. మంచిదో కాదో నాకు తెల్వది. నీ కోసమని కాదు. నాకే రావాలని ఉన్నది."

"వంట మీకు రాదు," అంది జాహేదా. కొంగు వదిలేసింది.

లియాఖత్ అలీ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. జెట్టు గురించి ఒక్క మాట అంటాడేమోనని ఆజం చూశాడు. ముసలాయన కళ్లు సగం మూసి, ఎక్కడెక్కడ ఏ మలుపులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

"విమానం ఎన్నిటికి దిగుతదంటివి?"

"ఆరుంబావుకు."

"ఏడున్నరకు ఉప్పల కాడ మోత్కూరు ఆఖరి బస్సు. భువనగిరి దాటినంక రోడ్డు ఖరాబుంటది, ఎడమదిక్కు కూసో. డ్రైవర్కు నా పేరు చెప్పు, మీ అర్ర ముందటనే ఆపుతడు." ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "మూడేండ్లు నడిపిన నేను. బండి డొక్కుదే. గని ఇంటికాడ దింపుతది."